శుద్ధి చేసి, తిరిగి మీకే

ఫిబ్రవరి 4

ఈ రోజు నేను చెప్పిన ఒక మాటకు చప్పట్లు కొట్టారు.

పొద్దున్నుంచీ మీటింగ్. మా కంపెనీ బట్టలకు రంగులు వేస్తుంది. రంగు వేశాక మిగిలే నీళ్ళు ఇన్నేళ్ళూ ఎటు పోయేవో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇప్పుడు కొత్త ప్లాంట్ పెట్టారు. ఆ నీళ్ళలోంచి రంగు తీసేసి, ఫ్యాక్టరీ చుట్టుపక్కల వీధుల్లో కుళాయిలు బిగించి, జనం మొక్కలకు పోసుకోవడానికి వదులుతారట. పర్యావరణానికి ఏం చేశామో చెప్పుకునే సస్టెయినబిలిటీ రిపోర్టులో ఈ ఏడాది ఇదే హీరో. ఇంగ్లీషులో ట్రీటెడ్ వాటర్ అని రాసుకుని వాళ్ళు హాయిగా ఉన్నారు. కంపెనీకి తెలుగులో రాసిపెట్టేది నేనే కాబట్టి, తెలుగులో ఏమనాలన్నది నా పీకల మీదికి వచ్చింది.

యాడ్ ఏజెన్సీ వాళ్ళు వాడిన నీరు అన్నారు. మా హెడ్ మొహం అదోలా అయింది. ఆవిడ మొహం అలా అవడం అరుదు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, అందుకే నేను లోలోపల చిరునవ్వు మేడం అంటాను. వాడిన అంటే ఎంగిలి అన్నట్టుందండీ అంది. పునర్వినియోగ జలం అన్నాడు ఇంకొకాయన. ఆ మాట వింటే మొక్కలు కూడా భయపడి ఎండిపోతాయి.

శుద్ధి చేసిన నీళ్ళు అందాం అన్నాను. అన్నాక ఊపొచ్చింది. శుద్ధి చేసి, తిరిగి మీకే అన్నాను.

చప్పట్లు. మేడం నా భుజం తట్టింది. ఈ ఆఫీసులో నన్నొకరు ముట్టుకుని ఎన్నాళ్ళయిందో. తర్వాత అందరూ కలిసి బయటికి భోజనానికి వెళ్ళారు. నన్ను పిలవకూడదని కాదు, పిలవాలని తట్టలేదు, అంతే. నా సీట్లో కూర్చుని డబ్బాలో తెచ్చుకున్నది తిన్నాను. ఆ మాటను నాలుగైదుసార్లు పైకి అనుకుని చూశాను. బాగుంది.

ఫిబ్రవరి 10

కుళాయిల దగ్గర పెట్టే బోర్డు ప్రూఫ్ వచ్చింది. పైన నా లైన్, ఇంత లావు అక్షరాల్లో. మధ్యలో ఆకు మీద నీటిబొట్టు. దాని కింద నేను రాసిన రెండో లైను ఉండాలి, మొక్కలకు మాత్రమే అని. లేదు. డిజైనర్‌ను అడిగితే మేడం తీసేయమన్నారు అన్నాడు.

మేడం దగ్గరికి వెళ్ళాను. మాత్రమే అనేది నెగటివ్ మాట అంది. మనం జనానికి ఏదో ఇస్తున్నప్పుడు ఆ మాట పెడితే ఇస్తూ ఇస్తూ చెయ్యి వెనక్కి లాక్కున్నట్టుంటుందట. బొమ్మలో ఆకుంది కదా, ఆకు చూస్తే మొక్కలని తెలియదా అని కూడా అంది. నిజమే, తెలియకేం అనుకున్నాను. మెయిల్లో ఓకే అని కొట్టాను.

మా ఎదురు ఫ్లాట్లోకి కొత్తవాళ్ళు వచ్చారు. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు నాకు తెలియవు. వచ్చినవాళ్ళవి తెలుసుకుందామని తలుపు తీశాను. లిఫ్ట్ కిందికి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 23

బోర్డులు పెట్టేశారట. నేను చూడలేదు.

మార్చి 1, ఆదివారం

శుక్రవారం సాయంత్రం లిఫ్ట్‌లో ఎవరికో గుడ్ నైట్ చెప్పాను. అప్పటినుంచి ఇప్పటిదాకా నోరు తెరవాల్సిన పని పడలేదు. ఇందాక గొంతు ఉందో పోయిందో చూద్దామని హలో అన్నాను. ఉంది, కాస్త జీరగా.

మార్చి 3

అక్క ఫోన్ చేసింది.

రెండేళ్ళ తర్వాత. స్క్రీన్ మీద అక్క అని కనబడగానే బావకేమైనా అయిందేమో అనుకున్నాను. బావ లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. బావకేమీ కాలేదట. మా వీధి చివర కుళాయి పెట్టారే, బోర్డు మీద మీ కంపెనీ పేరుంది, ఆ రాసింది నువ్వేనా అని అడిగింది. నేనే అన్నాను. అనుకున్నాను, వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతున్నాను అంది. ఆదివారం రాకూడదూ అంది. ఏమీ జరగనట్టు, నిన్ననే మాట్లాడుకున్నట్టు.

జరిగింది పెద్ద విషయమేమీ కాదు, చెప్పుకుంటే నవ్వుతారు. నేను మా ఆయన్ని వదిలేసి బయటికొచ్చిన ఆర్నెల్లకు అక్క ఆయన్ని ఇంటికి పిలిచి భోజనం పెట్టింది. పాపం, మొహం పీక్కుపోయిందే అని నాతోనే చెప్పింది. నా మొహం ఎలా ఉందో ఎవరూ అడగలేదు. ఫోన్ పెట్టేశాను. మళ్ళీ నేను చేయలేదు, తనూ చేయలేదు. ఇద్దరం ఒకే మొండిఘటం నుంచి ఊడిపడ్డాం.

ఇప్పుడు బోర్డు మీది నాలుగు మాటలు చూసి చేసింది. అంటే పన్నెండేళ్ళ ఉద్యోగంలో నేను రాసినవాటిలో ఒకటి నాకు పనికొచ్చింది.

సంతోషంగా ఉంది. రాయడానికి సిగ్గుగా కూడా ఉంది, అయినా రాస్తున్నాను. చాలా సంతోషంగా ఉంది.

మార్చి 8, ఆదివారం, సాయంత్రం 6

ఇప్పుడే వచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు.

అక్క లావయింది అనుకున్నాను. లావు కాదు, వాపు. పాదాలు బూరెల్లా పొంగి ఉన్నాయి. బీపీ ఎక్కువైందట, ఉప్పు పూర్తిగా మానేయమన్నాడట డాక్టర్. మానేసింది కూడా. అక్క ఏదైనా పట్టిందంటే పడుతుంది. ఉప్పు లేకుండానే వండి, నాకోసం ఉప్పు డబ్బా పక్కన పెట్టింది. ఇంత కడుపు కట్టుకున్నా వాపు తగ్గడం లేదే, ఈ నెల ఇంకా పెరిగింది, ఎందుకో తెలియడం లేదు అంది.

నేను వెళ్ళగానే గ్లాసు నిండా నీళ్ళిచ్చింది. బస్సులో గొంతెండిపోయి ఉన్నాను, గటగటా తాగేశాను. ఇంకో గ్లాసు ఇచ్చింది. అదీ తాగాను. నీళ్ళేమిటి ఇలా ఉన్నాయి, కాస్త బరువుగా అన్నాను. అక్క నవ్వింది. మీ నీళ్ళేనే, నువ్వు రాసినవే, మినరల్స్ ఉంటాయి కాబోలు అంది.

వంటగదిలో గట్టు పొడుగునా బాటిళ్ళు నింపి పెట్టుంది. ఇదివరకు క్యాన్లు కొనేవాళ్ళట. కుళాయి వచ్చాక వీధిలో చాలామంది మానేశారట. మొదట్లో కొందరు సందేహించారట. అప్పుడు అక్కే ముందుకొచ్చి, మా చెల్లెలు అదే కంపెనీలో ఉంది, అది రాసిందంటే నాకు నమ్మకం అని చెప్పి అందరి ముందూ తాగి చూపించిందట. ఈ సంగతి ఎంత మురిసిపోతూ చెప్పిందో. ఇంతలో పక్కింటి ఆవిడా, ఎదురింటి ఇద్దరూ వచ్చారు. రాసినావిడ వచ్చిందటగా, చూసి పోదామని వచ్చాం అన్నారు. అక్క కుర్చీలు వేసింది. నా గురించి చెబుతోంది, చిన్నప్పుడు క్లాసులో నేనే ఫస్టని, వ్యాసరచన పోటీల్లో గెలిచానని. గెలిచింది ఒకేసారి, అదీ రెండో బహుమతి.

నేను కూర్చున్నాను. నవ్వాను. వాళ్ళు పెట్టింది తిన్నాను. ఆ నీళ్ళు తాగేవి కావు అన్న ఒక్క ముక్క గొంతు దాకా వచ్చి దిగిపోయింది. ఇంతమందిలో ఎలా చెప్పడం అనుకున్నాను. తర్వాత వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పుడూ చెప్పలేదు. రెండేళ్ళకు కలిశాం, ఇప్పుడే పాడుచేయడమెందుకు అనుకున్నాను. వెళ్ళొస్తానక్కా అన్నాను. గుమ్మం దాకా ఏం, ఆ వాచిన కాళ్ళతో బస్‌స్టాప్ దాకా వచ్చింది.

నీళ్ళు నమలడం అంటే ఏమిటో ఈ రోజు అర్థమైంది.

మార్చి 9

ల్యాబ్ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ప్లాంట్ నీళ్ళు పరీక్ష చేసేది ఆ అమ్మాయే. బ్లాగ్ కోసం అని చెప్పాను. అబద్ధమాడడం ఇంత తేలికా అనిపించింది.

రంగు పోతుంది, వాసన పోతుంది, ఉప్పు పోదండీ అంది. బట్టకు రంగు పట్టాలంటే బస్తాలకు బస్తాల ఉప్పు వేస్తారట. దాన్ని తీయాలంటే ఇంకో మిషన్ ఉండాలి, అది వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఉందట. ఇప్పుడొచ్చే నీళ్ళు చెట్లకు పరవాలేదు, అదీ మధ్యమధ్య వాన పడి నేల కడిగేస్తుంటే. తాగితే ఏమవుతుంది అన్నాను. మనలాంటివాళ్ళం ఒక గ్లాసు తాగితే ఏమీ కాదు, రోజూ తాగితే, అందులోనూ బీపీ ఉన్నవాళ్ళు తాగితే, అని ఆగింది. ఎవరైనా తాగుతున్నారా ఏంటి అని అడిగింది. ఊరికే అడిగానన్నాను.

ఉప్పు డబ్బా తన పళ్ళెం దగ్గర్నుంచి నా పళ్ళెం దగ్గరికి జరిపిన అక్క చెయ్యే కనబడుతోంది.

మార్చి 10

అక్కకు ఫోన్ చేశాను. ఇంత పిరికిదాన్ని అనుకోలేదు. నీళ్ళు కాచి తాగక్కా, ఎందుకైనా మంచిది అన్నాను. అలాగేనే, ఈ రోజునుంచే కాస్తాను అంది. మాట వినే మనిషి కాదు ఎవరిదీ. నాది వింది.

మార్చి 11

క్యాంటీన్‌లో ల్యాబ్ అమ్మాయి తనే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఎవరో తాగుతున్నారు కదండీ అంది. కాచి తాగుతున్నారు అన్నాను. ఆ అమ్మాయి చెంచా కింద పెట్టేసింది. కాస్తే నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు అలాగే ఉంటుంది, ఇంకా చిక్కబడుతుంది కదండీ అంది.

ఆరో తరగతి పాఠం. నాకు తెలుసు. తెలిసీ చెప్పాను, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి.

మార్చి 12

మేడంను అడిగాను, బోర్డు మార్చమని. ఆవిడ లీగల్ ఆయన్ని పిలిచింది. ఆయన పేరు ఆఫీసంతా కామా. ఏ కాగితం పంపినా ఒక కామా పెట్టి వెనక్కి పంపుతాడు.

కామా నిఘంటువు తెప్పించాడు. మా దగ్గర అదొకటి ఉందని నాకే తెలియదు. శుద్ధి అంటే శుభ్రం చేయడం అని ఉంది. మనం శుభ్రం చేశామా లేదా, చేశాం. తాగండి అని ఎక్కడైనా రాశామా, రాయలేదు. మరి తప్పెక్కడుందమ్మా అన్నాడు. ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. మనం కొనుక్కునే వాటర్ క్యాన్ మీద కూడా శుద్ధి చేసిన నీరు అనే ఉంటుంది సార్, జనానికి ఆ మాట ఒక్కచోటే తెలుసు, తాగే నీళ్ళ దగ్గర అన్నాను. అది వాళ్ళ అలవాటు, మన బాధ్యత కాదు అన్నాడు.

మేడం నవ్వు తగ్గించి మాట్లాడింది. ఈ నెలాఖరున అవార్డు జ్యూరీ వస్తోంది, కుళాయిలు చూడ్డానికే వస్తున్నారు. ఇప్పుడు తాగొద్దని బోర్డు పెడితే ఇన్నాళ్ళూ తాగినవాళ్ళు ఉన్నారని మనమే ఒప్పుకున్నట్టు. ఫేజ్ టూలో చూద్దాం, మెల్లగా మెసేజింగ్ మారుద్దాం అంది. మీకు తెలిసి ఎవరైనా తాగుతున్నారా అంది.

మా అక్క తాగుతోంది అన్నాను.

మేడం నిజంగానే నొచ్చుకుంది, అది నటన కాదు. అయ్యో అంది. మీ అక్కగారింటికి నెలనెలా క్యాన్లు పంపిద్దాం, అడ్రసు ఇవ్వండి అంది. వీధి మొత్తానికా అన్నాను. మీ అక్కగారికి అంది.

కామా తలూపాడు. క్యాన్లు పంపితే అది కూడా ఒప్పుకున్నట్టే అవుతుందేమో మేడం అన్నాడు. సరే, ఆలోచిద్దాం అంది మేడం.

మార్చి 15, ఆదివారం

చెప్పేశాను.

అక్క పొయ్యి దగ్గర ఉంది, నీళ్ళు కాస్తోంది. స్టవ్ ఆర్పేసి చెప్పాను. శుద్ధి అంటే మా దగ్గర అర్థం వేరు అని మొదలుపెట్టాను, అక్కకు ఆ సోది అక్కర్లేకపోయింది. తాగకూడదా అని అడిగింది. కూడదన్నాను. ఉప్పు ఉంటుందన్నాను. తన పాదాల వంక చూసుకుంది.

నీకెప్పుడు తెలుసు అంది. తాగేవి కావని మొదటినుంచీ తెలుసు, ఉప్పు సంగతి సోమవారం తెలిసింది అన్నాను. అంటే ఆ రోజు నువ్వు ఇక్కడ కూర్చుని, వాళ్ళందరి ముందూ నవ్వుతూ కూర్చున్నప్పుడు తెలుసు అంది. అవునన్నాను. కాచుకోమన్నప్పుడు అంది. అప్పుడూ తెలుసన్నాను.

తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను, తిట్టి ఉంటే బాగుండేది. బాటిళ్ళు ఒక్కొక్కటే తీసి సింక్‌లో వంపేసింది. చాలాసేపు పట్టింది. సాయం చేయబోతే మోచేత్తో పక్కకు జరిపింది. పక్కింటావిడ మనవరాలికి ఆ నీళ్ళతోనే పాలు కలుపుతున్నారు, నేనే చెప్పాను వాళ్ళకు అంది, నాతో కాదు, గోడతో చెప్పినట్టు. అన్నం తినమనలేదు. బస్‌స్టాప్ దాకా రాలేదు. నేను మెట్లు దిగుతుంటే తలుపు గడియ పడిన చప్పుడు వినబడింది.

మార్చి 16

ఆఫీసు. ఈ రోజు మూడు మాటలు మాట్లాడాను. గుడ్ మార్నింగ్. పంపించాను.

మార్చి 18

అక్క ఫోన్. పలకరింపు లేదు. ఇంటింటికీ తిరిగి చెప్పిందట, తాగొద్దని. ఎవరూ వినడం లేదట. మొన్న తాగమన్నావు, ఇవాళ వద్దంటున్నావు, మీ అక్కాచెల్లెళ్ళకు ఏదో గొడవ వచ్చినట్టుంది అన్నారట. బోర్డు మీద అచ్చులో అంత స్పష్టంగా ఉంటే నీ నోటిమాట ఎవరు నమ్ముతారు అన్నాడట మూల మీది దుకాణం అతను. పాలు కలిపే ఆవిడ ఒక్కతే మానేసిందట.

నువ్వు రాసిందే నమ్ముతారట, మరి నువ్వే ఏదో ఒకటి చెయ్యి అని పెట్టేసింది.

మార్చి 22, ఆదివారం, ఉదయం 11

చేతుల నిండా నల్ల పెయింట్. పెన్నుకు కూడా అంటుకుంటోంది.

నిన్న ఒక చిన్న డబ్బా, రెండు బ్రష్షులు, మడత స్టూలు కొన్నాను. తెల్లారగానే బయల్దేరాను. మొదటి బోర్డు దగ్గర బ్రష్ ముంచి ఆగిపోయాను, ఎవరో పట్టుకుంటారని కాదు. చేత్తో తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో. ఈ డైరీ తప్ప అంతా కీబోర్డే. ఇందులో రాసేదీ నాకు తప్ప ఎవరికీ అర్థం కాని గిలుకుడు. ఇంత పెద్ద అక్షరాలు, అందులోనూ బ్రష్‌తో, ఎప్పుడూ రాయలేదు. ఇవి తాగే నీళ్ళు కావు, మొక్కలకు మాత్రమే అని రాశాను. నా లైను కిందే, ఆకు మీదుగా. మొదటి బోర్డు మీద పెయింట్ కారిపోయి ఏడ్చినట్టుంది. రెండోదానికి కుదురుకుంది. మాత్రమే రాసేటప్పుడు ప్రతిచోటా కాస్త లావుగా రాశాను, మేడంను తలుచుకుని.

ఎవరూ ఆపలేదు. పట్టపగలు ఆడమనిషి స్టూలెక్కి బోర్డు మీద రాస్తుంటే పని చేసుకుంటోంది అనుకుంటారు. ఒకతను అక్షరాలు పడమటికి వంగుతున్నాయండీ అని సలహా కూడా ఇచ్చాడు.

అక్కావాళ్ళ వీధిలోది అన్నిటికంటే ఆఖరున పెట్టుకున్నాను. ఒకావిడ కుళాయి కింద క్యాన్ పెట్టి నింపుకుంటోంది. కంపెనీవాళ్ళా అంది. అవునన్నాను, అది అబద్ధం కాదు. నేను రాసేదాకా నిలబడి చదివింది. మరి ముందే ఎందుకు రాయలేదు అంది. సగం నిండిన క్యాన్ అక్కడే వంపేసి వెళ్ళిపోయింది.

అక్క కిటికీ మూసి ఉంది. తలుపు తట్టలేదు.

మార్చి 23

ఆఫీసులో గగ్గోలు. బోర్డులు పాడుచేశారు. జ్యూరీ రావడానికి వారం. మేడం ఫొటోలు స్క్రీన్ మీద పెట్టి పెద్దవి చేసి చూపించింది. నా రాత గోడంత ఉంది. ఎంత వంకర రాతో చూడండి, ఎవరో చదువురాని ఆకతాయిల పని అన్నాడు డిజైనర్. పోటీ కంపెనీవాళ్ళేమో అన్నాడు ఇంకొకాయన. కామా మాత్రం కాసేపు చూసి, మధ్యలో కామా సరిగ్గానే పెట్టారు అన్నాడు. నేను ఆయన పక్క కుర్చీలోనే కూర్చున్నాను.

పన్నెండేళ్ళు. ఇక్కడ ఒక్కరికీ నా చేతిరాత తెలియదు. దొరకలేదని ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి, లోపల ఏదో కలుక్కుమంది. మేడం అంత నొచ్చుకున్న మీటింగులో నేనేం చెప్పానో కూడా ఎవరికీ గుర్తు రాలేదు. నాలాంటిది అంత పని చేస్తుందని వాళ్ళ ఊహలో లేదు.

పత్రికలకు నోట్ రాయాలి. ఎవరు రాయాలి, నేనే.

రాశాను. గుర్తు తెలియని వ్యక్తులు మా బోర్డులపై ఇవి తాగే నీళ్ళు కావు, మొక్కలకు మాత్రమే అని రాసి వాటి అందాన్ని చెడగొట్టారు అని మొదలుపెట్టాను. ఏం రాశారో మనం చెప్పడమెందుకు అంది మేడం. చెప్పకపోతే బూతులు రాశారనుకుంటారండీ అన్నాను. నిజమే అంది. అయితే విలేకరులు అది నిజమా కాదా అని అడుగుతారు అన్నాడు కామా. అడిగితే కాదనలేం, తాగే నీళ్ళే అని సంతకం పెట్టమంటే నేను పెట్టను అని కూడా అన్నాడు. చివరికి ఆయనే ఒక వాక్యం చెప్పాడు. ఆ రాతలోని సమాచారం వాస్తవమే, అయితే అలా రాయడం చట్టవిరుద్ధం. అదీ కలిపాను. అందరూ ఓకే అన్నారు.

నవ్వు ఆపుకోలేక బాత్రూంలోకి వెళ్ళాను. అక్కడ నవ్వాను. తర్వాత కాసేపు నవ్వు కాదు.

మార్చి 25

నోట్ వచ్చింది, లోపలి పేజీలో, టైర్ల ప్రకటన పక్కన. అక్కావాళ్ళ వీధిలో పత్రిక తెప్పించేవాళ్ళు ఎవరూ లేరు.

శుక్రవారం బోర్డులు కడిగించి మామూలుగా చేయిస్తారట. రాత పోతుంది. శుద్ధి చేసి, తిరిగి మీకే ఉంటుంది. జ్యూరీ ముందు శుభ్రంగా ఉండాలి కదా అంది మేడం.

అక్కకు మూడుసార్లు చేశాను, ఎత్తలేదు. చెరిపేస్తారట అని మెసేజ్ పెట్టాను. చదివినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి. అంతే.

మార్చి 26

ల్యాబ్ అమ్మాయి క్యాంటీన్‌లో ఎదురుగా వచ్చి కూర్చుంది. ఏమీ అడగలేదు. నా గోళ్ళ సందుల్లో నలుపు చూసింది. టర్పెంటైన్‌తో పోతుందండీ అంది. తన డబ్బాలోంచి ఒక ముక్క నా డబ్బా మూతలో పెట్టింది. ఇద్దరం తిన్నాం. ఇక్కడ ఒకరి ఎదురుగా కూర్చుని తినడం ఇంత నెమ్మదిగా ఉంటుందని మరిచిపోయాను.

మార్చి 27, మధ్యాహ్నం 3

బోర్డులు కడగడానికి వెళ్ళినవాళ్ళు అక్కావాళ్ళ వీధిలో ఆగిపోయారు. అక్కణ్ణుంచి ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఒకావిడ కుర్చీ తెచ్చుకుని బోర్డు కింద కూర్చుందట, కదలమంటే కదలడం లేదట. ఎవరో ఆకతాయిలు రాశారమ్మా, చెరిపేసి పోతాం అన్నారట. ఆకతాయిలేంటి, అది మా చెల్లెలి రాత, మీ కంపెనీలోనే పనిచేస్తుంది, కావాలంటే పిలిపించి అడగండి, ఒక్క అక్షరం చెరిపినా ఊరుకోను అందట. నా పేరు చెప్పిందట, ఇంటిపేరుతో సహా. గర్వంగా చెప్పిందట.

మేడం పిలుస్తోంది. నవ్వడం లేదు.

నీడలోకి జరిగి కూర్చో అక్కా. వస్తున్నాను.